కొత్త పడవకి బొట్టు

ఈ రోజు కాకినాడ మెయిన్ రోడ్డులో కొత్తగా తెరిచిన పెద్ద మోడల్ బొమ్మల షాపుకి అమ్మానాన్నలతో వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో కిందటేడు పడవ అమ్మేసిన దగ్గర్నుంచి నాన్న సముద్రం మాటే ఎత్తడం లేదు. అక్కడ మాత్రం, ముక్కలు అతికించి చేసుకునే ఒక చెక్క పడవ ముందు నిలబడిపోయారు. కొనేశాను.

బిల్లు దగ్గర అమ్మ సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. నేను తల దించుకున్నాను.

"బార్‌కోడ్ మీద వద్దండి, స్కాన్ అవదు," అంది కౌంటర్‌లో అమ్మాయి.

"బొట్టు లేకుండా కొత్త పడవని ఎలా కదుపుతామమ్మా?" అంది అమ్మ.

ఆ అమ్మాయి నవ్వి, పెట్టెను ఇటు తిప్పి పట్టుకుంది. "పేరేం పెడతారండి?" అని నాన్నను అడిగింది.

నాన్న నన్ను చూపించి, "మా అమ్మాయి పేరే. పాతదానికీ అదేనమ్మా," అన్నారు.

పూర్తయ్యాక అద్దాల బీరువాలో పెట్టాలని నేను, నీళ్లలో దించాల్సిందేనని నాన్న. మీరేమంటారు?