సముద్రం వైపే సున్నం కొట్టిన గోడ

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను ఇల్లు కట్టుకుంటున్నాను. ఇటుకల ధర వింటేనే గుండె గుభేలుమనేది. మైపాడు అవతల ఇసుకలో పాడుబడ్డ చర్చి ఉందనీ, ఊరు ఖాళీ అయింది కనుక ఇటుకలు తీసుకుపోయినా అడిగేవాడు లేడనీ ఎవరో చెప్పారు. ఊరికే వస్తుందంటే నాకు నిద్రపట్టదు. మర్నాడు ఆరింటి బస్సుకు నెల్లూరు నుంచి ఇందుకూరుపేట చేరి, మస్తాన్ అనే అతని జట్కా మాట్లాడుకున్నాను. రానూపోనూ రెండు రూపాయలు.

బండి మైపాడు దాకానే పోతుంది. అక్కణ్ణుంచి తీరం వెంబడి గంట నడక. గుర్రాన్ని సరుగుడు నీడలో కట్టేసి మస్తాన్ కూడా వచ్చాడు. "ఆడేముందన్నా, నాలుగు గోడలు!" అంటూ దారంతా నవ్వాడు. నిజానికి నాలుగు కూడా లేవు. వంపు గుమ్మం ఒకటి, రెండు నిలువుల గోడ ఒకటి. ఎన్ని వందల ఏళ్ళవో తెలియదు. గోడ లోపలివైపు నాచుపట్టి నల్లగా ఉంది, సముద్రం వైపు మాత్రం తెల్లటి సున్నం. పాడుగోడకు సున్నమేమిటి, పిచ్చి కాకపోతే! కొసన వదులుగా ఉన్న ఇటుక ఒకటి పీకాను.

"ఏందయ్యా ఆ పని?" అని వెనక నుంచి కేక. సున్నం కుండతో ఒక ముసలామె. పేరు మరియమ్మ. సముద్రం ముంచుకొచ్చి ఊరు లోపలికి తరలినా, ఏటా క్రిస్మస్ ముందు ఆ ఊరివాళ్ళే వచ్చి సున్నం కొడతారట.

"దేవుడి కోసమా?" అన్నాను.

"దేవుడు యాడైనా ఉంటాడు. ఇది తెప్పల మీద పోయినోళ్ళ కోసం. ఈడ నీళ్ళ కింద ఇసక మేట ఉండాది. ఈ తెల్లగోడా, ఆ యెనక జంట తాటిచెట్లూ ఒక వరసలోకి వస్తేనే తెప్ప లోపలికి తిప్పేది. తప్పితే అల తిరగేస్తాది. తలా ఒక ఇటుకే గదా అని సగం గోడ మోసకపోయినారు. నా కొడుకు తెల్లారుజామున పోయినాడు, ఇంకా రాలా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇటుకను దాని చోట పెట్టాను. ముగ్గురం సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాం. గాలి పెరిగింది. చాలాసేపటికి ఒక తెప్ప కనబడింది. ఉత్తరానికి కొట్టుకుపోతూ, ఉన్నట్టుండి తిరిగి నేరుగా మా వైపు వచ్చింది. మరియమ్మ అప్పుడు కూర్చుంది.

కొడుకు తడిబట్టలతో వచ్చి, "ఎవరమ్మా ఈళ్ళు?" అన్నాడు.

ఆమె నన్నొకసారి చూసింది. "సున్నం కొట్టేదానికి వచ్చినార్రా," అని కుంచె నా చేతికిచ్చింది.

మధ్యాహ్నం దాకా కొట్టాను. పాడుబడింది కదా అనుకునేముందు, అది ఎవరికి పనికొస్తున్నదో అడగాలని అప్పటిదాకా నాకు తోచనేలేదు. అక్కడికి వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళు మైపాడులోనే నింపుకోండి, ఆ పైన దొరకవు. గోడను మాత్రం సముద్రం వైపు నుంచి చూడండి.