దాహమేసిన పుదీనా

తోటలో అందరూ ఆవిడను నీళ్ళత్త అంటారు. అలసి వచ్చినవాళ్ళు నోరు తెరవకముందే చెంబు చేతికిచ్చే మనిషి మరి. పుదీనా ఆకుల నుంచి నూనె తీసే ఆ తోటలో, ఒక మడిని ఎండబెట్టే పని ఆవిడకే అప్పగించారు.

"కోతకు ముందు కాస్త దాహం వేస్తే ఆకులో నూనె బాగా పడుతుందత్తా. దీనికి నీళ్ళు పెట్టకు," అంది పరిశోధన చేసే అమ్మాయి.

అత్త తలూపింది. కానీ వాలిన ఆకులు చూశాక ముద్ద దిగలేదు. దేవుడికో దణ్ణం పెట్టుకుని, కొంగుచాటున చెంబు మీద చెంబు తెచ్చి పోసింది. మొదటి కోతలో, మామూలుగా నీళ్ళు పెట్టిన పక్క మడి కంటే నూనె చుక్క ఎక్కువ రాలేదు. రెండో కోతలోనూ ఇంతే అయితే అమ్మాయి పరిశోధన మూలపడుతుంది.

రెండో కోత దగ్గరపడగా పుదీనా మధ్య అమ్మాయికి చెంబు దొరికింది.

"ఇదెలా వచ్చిందత్తా?"

"దానికి కాళ్ళొచ్చినట్టున్నాయమ్మా."

అమ్మాయి నవ్వేసింది. "నీ జాలి నా కొంప ముంచేలా ఉంది. చంపుకుంటానా ఈ మొక్కల్ని?" అంటూ చెంబు నీళ్ళు అందని మూల మట్టి తవ్వి, వేళ్ళ దగ్గరి చెమ్మ చూపించింది.

అత్త కుదుటపడింది. "అయితే చెంబు నీ దగ్గరే ఉంచు. నా చెయ్యి నా మాట వినదు."

ఆ రోజు నుంచి ఆ మడికి ఎదురుపడకుండా చుట్టూ తిరిగి నడిచింది. ఈసారి నూనె కళ్ళకు కనిపించేంత ఎక్కువ వచ్చింది. అందరూ సీసా చుట్టూ మూగితే, అత్త మాత్రం కోసిన మోళ్ళకు నీళ్ళు పెట్టడానికి పైపు లాక్కుంటూ పోయింది. వెనకాలే అమ్మాయి నిండు చెంబుతో వచ్చింది.

"ముందు నువ్వు తాగత్తా."