మా సందులోకి దిగిన మంచు సరస్సు

ఒకటో తారీఖుకల్లా గది ఖాళీ చెయ్యమని మా ఇంటి ఓనరు చెప్పిన వారమే, మా దర్శకుడు ఫిల్మ్‌నగర్‌లో హిమాలయం కట్టాలని నిర్ణయించాడు.

అప్పుడు నేను సహాయ దర్శకుణ్ణి. హైటెక్ సిటీ పుణ్యమా అని ఊళ్లో ప్రతి గదికీ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు క్యూ కడుతున్న రోజులు. కృష్ణానగర్ నుంచి యూసుఫ్‌గూడ దాకా కాళ్లరిగేలా తిరిగాను. సినిమావాణ్ణని చెబితే చాలు, గది అప్పుడే ఇచ్చేశామనేవాళ్లు. మా ఓనరు ముసలాయనకి ఆ మొహమాటం కూడా లేదు.

"ఆఫీసు పోరగాళ్లు పగలంత ఇంట్ల ఉండరు, నీళ్లు తక్కువ వాడ్తరు. నువ్వు షూటింగ్ లేకుంటే రెండుసార్లు తానం చేస్తవ్" అన్నాడు.

బోరు ఎండిపోయిన వేసవి.

పాటేమో మంచుకొండల్లో సరస్సు పక్కన తీయాలి. హీరోకి చలి పడదు. అందుకని మా సందు పైనున్న బండరాళ్ల ఖాళీ స్థలంలోనే సరస్సు కట్టమన్నారు. వివరాలు సేకరించే పని నాది. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని చదివాను. హిమానీనదం కరుగుతూ వెనక్కి పోయినప్పుడు వదిలేసిన రాళ్లూ మట్టే ఆ సరస్సుకి కట్ట. ఎవరూ కట్టింది కాదు, గట్టిదీ కాదు. ఏ మంచుపెళ్లో విరిగిపడి కట్ట తెగితే కింద ఊళ్లు మునుగుతాయి. ఇదంతా మీటింగులో గుండెలదిరేలా చెప్పాను. ఆర్ట్ డైరెక్టర్‌కి తెగ నచ్చింది. సిమెంటు మానేసి, టార్పాలిన్ పరిపించి, అచ్చం అలాగే వదులు రాళ్లతో కట్ట పోయించాడు. దాని కింద మొదటి ఊరు మా గదేనని నాకప్పుడు తట్టలేదు.

ట్యాంకర్ల నీళ్లు నింపి, రంగు కోసం బట్టలకి పెట్టే నీలిమందు కలిపారు. పైన థర్మాకోల్ మంచు తేలింది. ఆ ఎండలో హీరో స్వెటర్ తొడుక్కుని వణకడం ప్రాక్టీసు చేస్తున్నాడు. వణికినకొద్దీ చెమట కారుతోంది.

మొదటి షాట్‌కి ముందు నిర్మాత కొబ్బరికాయ కొట్టాలి. ఒక్క దెబ్బకి పగలకపోతే సినిమా ఆడదని మా వాళ్ల గట్టి నమ్మకం. ఆయన అటూ ఇటూ చూసి, కట్టలోంచి పొడుచుకొచ్చిన రాయిని ఎంచుకున్నాడు. ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. కాయ పగిలింది. రాయీ కదిలింది. దాని వెనకే మరికొన్ని దొర్లాయి, టార్పాలిన్ చిరిగింది, సరస్సు మా సందు దారి పట్టింది. నిర్మాత మాత్రం రెండు చిప్పలూ పైకెత్తి, కాయలో పువ్వొచ్చిందని అందరికీ చూపిస్తున్నాడు. యూనిట్ చప్పట్లు కొడుతోంది.

నేను నీళ్ల వెంట పరిగెత్తాను. మా గేటు దగ్గర ఓనరు మునిసిపల్ నీళ్ల కోసం సంపు మూత తీసి పెట్టుకుని కూర్చున్నాడు. బురద కలిసిన నీలం నీళ్లు ఆయన పాదాల మీదుగా వెళ్లి సంపులోకి దూకాయి. అది నిండి పొర్లేదాకా ఆయన మూత చేత్తో పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. ఇక ఒకటో తారీఖు దాకా కూడా ఉండనివ్వడని ఆ సాయంత్రమే పెట్టె సర్దుకున్నాను. ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం తలుపు కొట్టాడు. ఈలోగా మట్టి అడుక్కి దిగి నీళ్లు తేరుకున్నాయి. ఆయన భార్య ఆ నీలం నీళ్లల్లోనే ఇంటిల్లిపాది తెల్లబట్టలూ ఉతికి ఆరేసింది. ఆయన ఒంటిమీది పంచె, బనీను తళతళలాడుతున్నాయి. నా పెట్టె వంక చూసి గొంతు తగ్గించాడు.

"పెట్టె ఎందుకు సర్దినవ్? జర పొయ్యి, గా చెరువు మళ్ల ఎప్పుడు కడ్తరో అడిగి రా."