నేను కొట్టిన గుమ్మడికాయ

నరసరావుపేట బజారులో మాకు స్టీలు సామాన్ల కొట్టు ఉంది. కింద కొట్టు, పైన ఇల్లు. బిందెలు, గంగాళాలు, ఇడ్లీ పాత్రలు కొట్టులో పట్టినన్ని కొట్టులో ఉంటాయి. పట్టనివి మెట్ల మీదికి, మెట్ల మీద పట్టనివి సైడు కాలువ మీద పరిచిన బండల మీదికి వస్తాయి. మా మామగారి నాటి నుంచీ అంతే. మా వరసలో అన్ని కొట్లూ అంతే. జనం ఎక్కడ నడవాలన్న సంగతి మాకెవరికీ తట్టలేదు, మేం బండి లేకుండా వీధి చివరిదాకా కూడా వెళ్ళం గనక.

అలాంటిదాన్ని నలభై దాటాక సైకిల్ పిచ్చిలో పడ్డాను. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిపోయాక దాని సైకిల్ మేడమెట్ల కింద తుప్పు పడుతుంటే చూడలేక, ఒక ఆదివారం పొద్దున్నే కాలేజీ గ్రౌండుకి నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. మొదట నేనొక్కదాన్నే. చీర కుచ్చిళ్ళు చైనులో ఇరుక్కుని పడ్డాను, గోడను గుద్దాను, వాకింగుకి వచ్చిన పెద్దమనుషుల చేత నవ్వించుకున్నాను. నెల తిరిగేసరికి నాతోపాటు పది మంది ఆడవాళ్ళు. సైకిల్ రాని వాళ్ళకి వచ్చిన వాళ్ళు వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. నాకు తొక్కడం అంతంత మాత్రమే అయినా నోరు పెద్దది కాబట్టి నాయకురాలినయ్యాను.

తొక్కడం వచ్చాక గానీ బజారు ఎంత ఇరుకో తెలియలేదు. అంచున పోదామంటే కొట్ల సామాన్లు, పక్కన నిలబెట్టిన బైకులు. మధ్యలో పోదామంటే వెనక లారీ హారన్. అందరం కలిసి మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి, రోడ్డంచున నడిచేవాళ్ళకీ సైకిల్ వాళ్ళకీ ఒక పట్టీ వదిలించమని అడిగాం. చూద్దాం అన్నారు. చూసేదాకా ఆగే ఓపిక నాకు లేదు. కొట్టు కొట్టుకీ తిరిగి ఉపన్యాసం మొదలుపెట్టాను. "అంచున సైకిల్ పట్టేంత చోటు వదలండి. పొద్దున్నే నీళ్ళు గుమ్మరించి బురద చేయకండి. ఇసక పోయకండి. తొక్కలు వేయకండి. రోడ్డు మీద మీరేం పడేసినా మా చక్రం కిందికే వస్తుంది" అని చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని.

అరటిపళ్ళ ఆయన మాత్రం నన్ను కిందా మీదా చూసి, "ముందు మీ బిందెలు లోపల పెట్టుకోమ్మా, తరవాత మా తొక్కల సంగతి చూద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనతో గొడవపడ్డాను. రెండు పూటలు మాట్లాడుకోలేదు. మూడో పూట బిందెలు లోపలికొచ్చాయి. ఇక నన్ను వేలెత్తి చూపేవాడు బజారులో లేడనుకున్నాను. ఆ గర్వం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

మా కొట్టు వెనక సందులో ఒక ముస్లిం కుటుంబం ఉంటుంది. ఆయనది మోటారు వైండింగ్ షాపు, పల్లెల నుంచి రైతులు కాలిన బోరు మోటార్లు తెచ్చి బాగుచేయడానికి ఇస్తుంటారు. నన్ను అక్కా అంటాడు. ఆ లెక్కన ఆయన భార్య నన్ను వదినా అంటుంది, నేనూ ఆమెను వదినా అనే పిలుస్తాను. ఆమె రైలు పట్టాలకు అవతల ఒక స్కూల్లో ఆయా. పిల్లలు రాకముందే వెళ్ళి గేటు తీయాలి. ఆ వైపు ఆటోలు ఆ వేళకు దొరకవు. ఇంట్లో అందరికీ వండిపెట్టి నడిచి వెళ్ళేసరికి ఆలస్యమయ్యేది. ఇంకోసారి ఇలా అయితే వేరే మనిషిని చూసుకుంటామని చెప్పేశారట.

అందుకని ఆమె మా గుంపులోకి వచ్చింది. మేమంతా సరదాకి నేర్చుకుంటుంటే ఆమె పనికోసం నేర్చుకుంది. మా అందరికంటే త్వరగా నేర్చుకుంది. భర్త ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"చెప్తున్నా విను, ఒక్కసారి కింద పడ్డావంటే ఇంక సైకిల్ జోలికి పోబాకు. ఉద్యోగం పోతే పోయింది" అన్నాడట.

ఆ మాట ఆమె నాకు నవ్వుతూనే చెప్పింది. "నేను పడను వదినా" అంది.

గ్రౌండు దాటి ఊళ్ళోకి రావాలని, అందరం కలిసి బజారు మీదుగా ఒక చుట్టు తిరగాలని నేనే పెట్టాను. ఆడవాళ్ళు సైకిళ్ళ మీద వరసగా వెళ్తుంటే కొట్లవాళ్ళు చూసైనా చోటిస్తారని నా ఆశ. మా కొట్టు ముందు బయల్దేరి, మళ్ళీ మా కొట్టు ముందుకే వచ్చి, అక్కడే అందరికీ ఇడ్లీ, కాఫీ. రోజు కుదిరింది ఆదివారం. తీరా చూస్తే ఆ ఆదివారమే అమావాస్య.

మా అత్తగారు క్యాలెండర్ చూడందే గడప దాటని మనిషి. "ఆదివారం అమావాస్యా! ఇంతమంది ఆడోళ్ళు బజార్న పడి పోతంటే ఎన్ని కళ్ళు పడతయ్యే? దిష్టి తియ్యకుండా కదలబాకండి" అంది. కొట్లవాళ్ళందరం అమావాస్యకు గుమ్మడికాయ కొట్టేవాళ్ళమే. బూడిద గుమ్మడికాయకు పైన చెక్కు తీసి, లోపల కుంకుమ నీళ్ళు పోసి, కర్పూరం వెలిగించి, కొట్టు చుట్టూ తిప్పి నడిరోడ్డు మీద పగలగొడతాం. ఈసారి అత్తగారు దాన్ని మా అందరి చుట్టూ, సైకిళ్ళ చుట్టూ తిప్పింది. వెనక సందులోని వదిన కొంచెం ఎడంగా నిలబడితే, "నువ్వూ రామ్మా, దిష్టికి మీరూ మేమూ ఏంది" అని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆమె కాదనలేదు. మర్యాదకు తల వంచి నిలబడింది.

కాయ కొట్టేది మగవాళ్ళు. మా ఆయన సరుకు కోసం ఊరెళ్ళాడు. పక్క కొట్టాయన్ని పిలవబోతుంటే నాకు రోషం పుట్టింది. సైకిలే తొక్కుతున్నవాళ్ళం, కాయ కొట్టలేమా? అత్తగారు "వద్దే, ఆడాళ్ళు కొట్టకూడదే" అంటూనే ఉంది. నేను లాక్కుని రెండు చేతులా ఎత్తి రోడ్డుకేసి కొట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎర్రటి గుజ్జు మా మెట్ల ముందు, సరిగ్గా మేం సైకిల్ వాళ్ళకి వదిలించిన చోటంతా పరుచుకుంది. దాన్ని నేను చూశాను. చూసి కూడా నాకు అది రోడ్డు మీద పడ్డ వస్తువులా కనపడలేదు. ఇసకనీ, తొక్కలనీ, నీళ్ళనీ పేరుపేరునా తిట్టినదాన్ని, గుమ్మడికాయ మాత్రం మంచికోసం కొట్టింది కదా, అది ఎవర్నేం చేస్తుందనుకున్నానేమో. అనుకోవడం కూడా కాదు, అసలు ఆ ఆలోచనే రాలేదు.

చుట్టు బాగా తిరిగాం. అరటిపళ్ళ ఆయన కూడా బండి పక్కకి లాగి దారిచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు అందరికంటే ముందు సందులోని వదిన ఉంది. ఇడ్లీల కోసం కాదు, ఇంటికెళ్ళి భర్తకు తాను పడకుండా వచ్చానని చెప్పాలన్న తొందర. మా కొట్టు ముందుకొచ్చి బ్రేకు వేసింది. ముందు చక్రం గుజ్జు మీద సర్రున జారిపోయింది.

నేను వెనకనే ఉన్నాను. ఆమె ఎడమచేతి మీద పడటం చూశాను. తెల్ల చున్నీ అంతా ఎర్రగా అయ్యేసరికి నెత్తురనుకుని అందరం కేకలు పెట్టాం. నెత్తురు కాదు, నా కుంకుమ. చెయ్యి మాత్రం మణికట్టు దగ్గర వంకర తిరిగి ఉంది.

బజారు చుట్టూ మూగింది. "ఈ వయసులో సైకిళ్ళేందమ్మా" అన్నాడొకాయన. మా అత్తగారు మెట్ల మీద నుంచి వంగి చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని, "పోన్లే, చేత్తో పోయింది. మనోళ్ళ మీదికి రాలా" అంది.

ఆమెకు వినపడింది. నేలమీద కూర్చుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఆమె నా మొహంకేసి చూసింది. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. చీలలేదు. ఇడ్లీలు చల్లారుతున్నాయని వంటామె లోపల్నుంచి అరుస్తోంది.

ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేశారు. భర్త వచ్చేలోపు ఆమెతో చెప్పాను, తప్పు నాదని, ఆయన కాళ్ళు పట్టుకునైనా జరిగింది జరిగినట్టు చెప్తానని. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు కావలసింది అదే. చెప్పేస్తే ఆయన నన్ను నాలుగు తిట్లు తిడతాడు, నేను ఏడుస్తాను, నా బరువు దిగిపోతుంది.

"నువ్వేం చెప్పబాకు వదినా" అంది ఆమె. "కుక్క అడ్డమొచ్చిందని ఫోన్లో చెప్పేశా. కుక్క అంటే ఆయన ఏమనడు, ఆయనా రెండుసార్లు కుక్కకే పడ్డాడు. గుమ్మడికాయ అంటే వాళ్ళతో నీకేంది పని అంటాడు. మీ అత్త అన్న మాట కూడా చెప్పాల్సొస్తది. ఇంక నన్ను పంపుతాడా?"

నేను నోరు మూసుకున్నాను. ఊరంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన నోరు అది. ఆయన వచ్చి, కట్టు చూసి, నావైపు తిరిగి, "మీరు పక్కనుండబట్టి సరిపోయిందక్కా" అని దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం నేను తీసుకున్నాను.

కట్టు ఉన్నన్నాళ్ళూ ఆమెను రోజూ నా స్కూటీ మీద స్కూలు దగ్గర దించాను. ఒంటి చేత్తో గేటు తీసేది. ఆయాగా ఆమెనే ఉంచారు, అదొక్కటి నిలబడింది. ఇంట్లో మా అత్తగారు "ఆడదానివి కాయ కొట్టావు, అందుకే అట్టా అయింది" అని రోజుకొకసారి అనేది. నేను కొట్టినందుకు జరగలేదు, రోడ్డు మీద కొట్టినందుకు జరిగిందని ఎంత అరిచినా ఆమెకు రెండూ ఒకటే. చివరికి తరవాతి అమావాస్యకు కొట్టులోంచి ఒక పాత గంగాళం తెచ్చి వాకిట్లో పెట్టాను. కాయ అందులో పగిలింది. ఇదేం అరిష్టమని ఆమె నాతో పోట్లాడింది. మిగతా కొట్లవాళ్ళను అడిగే మొహం నాకు లేదు. నాకు తెలిసిందల్లా పొద్దున్నే చీపురు తీసుకుని వాళ్ళ ముక్కలు కూడా ఊడ్చేయడం.

అన్నిటికంటే నన్ను చంపింది ఆయన కర్ర. భార్య పడ్డ మరుసటి ఆదివారం నుంచే మోటారు వైండింగ్ ఆయన తెల్లారగానే కర్ర పట్టుకుని మా బజారుకి రావడం మొదలుపెట్టాడు. మా ఆడవాళ్ళు సైకిళ్ళ మీద వెళ్ళే దారంతా ముందుగా నడిచి కుక్కల్ని అదిలించేవాడు. మా మెట్ల మీద పడుకునే గోధుమరంగు కుక్క ఒకటుంది, ఎవరినీ కరిచి ఎరగదు. దానికి మా అత్తగారు రోజూ పెరుగన్నం పెడుతుంది. అది పాపం తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పరిగెత్తేది. ఆయన వెళ్ళాక నేను దానికి బిస్కట్లు వేసేదాన్ని. అంతకంటే ఏం చేయగలను?

కట్టు విప్పి, చెయ్యి తిరిగి స్వాధీనంలోకి వచ్చి, ఆమె మళ్ళీ సైకిల్ ఎక్కే రోజు వచ్చింది. అంతకుముందు రోజే అమావాస్య. తెల్లారకముందే చీపురూ చేటా పట్టుకుని కిందికి దిగి మా వరసంతా ఊడుస్తున్నాను. ఆయన కర్రతో వచ్చాడు.

"ఒక్క కుక్క లేకుండా చేశానక్కా" అని, నా చేతిలో చీపురు చూసి కర్ర మా షట్టరుకు ఆనించాడు. పక్క కొట్టు ముందు పెద్ద ముక్క ఒకటి మిగిలింది. వంగి దాన్ని చేత్తో ఎత్తబోయాడు.

"నువ్వు ముట్టుకోబాకు తమ్ముడూ, ఎరుపు పట్టుద్ది" అన్నాను.

"తెలుసక్కా" అన్నాడు. ముక్క ఎత్తి నా చేటలో వేశాడు. "దానికి చెయ్యి విరిగినప్పుడు బట్టలన్నీ నేనే గదా ఉతికింది. ఆ తెల్ల చున్నీ ఎంత రుద్దినా పోలా."

ఏదో అనబోయాను. ఆయన సందువైపు చూస్తూ గొంతు తగ్గించాడు.

"నాకు తెలుసని దానికి చెప్పబాకక్కా. తెలిసినా పంపిస్తున్నానంటే, అబద్ధం చెప్పినందుకు దానికి సిగ్గుగా ఉంటది, మిమ్మల్ని నేనేమన్నా అంటానని భయం కూడా. కుక్కే అడ్డమొచ్చింది."

ఇన్నాళ్ళూ ఆయనకు తెలియదన్న ఒక్క ధైర్యంతో ఆయన మొహం చూడగలిగాను. ఆస్పత్రిలో ఆయన పెట్టిన దణ్ణం గుర్తొచ్చింది. అప్పటికి తెలియదు. ఆ రాత్రో మర్నాడో చున్నీ ఉతికేటప్పుడు తెలిసి ఉంటుంది. తెలిసి కూడా ఆదివారానికి కర్ర పట్టుకుని వచ్చాడు.

సందులోంచి సైకిల్ గంట మోగింది. ఆయన చటుక్కున కర్ర అందుకుని, ఖాళీ రోడ్డు మీద కుక్క కోసం అటూ ఇటూ చూడటం మొదలుపెట్టాడు. నేను చేట వెనక్కి దాచుకుని తలొంచుకున్నాను. ఆమె మా ఇద్దరి మధ్య నుంచి, ఊడ్చిన అంచు మీదుగా, పడకుండా వెళ్ళిపోయింది.