ప్లాస్మాలో వెంకన్న

మా అమ్మకి ఢిల్లీ పడలేదు. ఆర్.కె. పురంలో మా క్వార్టర్‌కి వచ్చిన కొద్దిరోజుల నుంచే, కాకినాడలో చెల్లి దగ్గరికి పోతానని ఒకటే పోరు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా మా పాత డబ్బా టీవీలో మనుషులు ఆనడం లేదంటే, ఓహో, రోగం ఇదన్నమాట అనుకున్నాను. పెద్ద టీవీ తెస్తే అమ్మ ఉండిపోతుంది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు నామీద నాకే కోపం వచ్చింది.

సర్కారు ఆఫీసులో కొనుగోళ్ళు చూసే ఉద్యోగం నాది. కుర్చీ కొన్నా మూడు కొటేషన్లు తెప్పించి, అందరికంటే తక్కువ చెప్పినవాడికే ఆర్డరిచ్చే అలవాటు. టీవీకీ అదే పద్ధతి. సాకేత్ మాల్‌తో మొదలుపెట్టి ఆదివారాలన్నీ షాపుల పాలు చేశాను. ఎల్‌సీడీ ధరలకి దూరం నుంచే దణ్ణం పెట్టి, ప్లాస్మా టీవీల దగ్గర తిష్ఠ వేశాను. లైట్లార్పించి నలుపు నలుపుగానే ఉందో లేదో చూశాను. పక్కకెళ్ళి చూశాను, గొంతుక్కూచుని చూశాను. "అంకుల్‌జీ, టీవీ లేనా హై యా షాదీ కర్నీ హై?" అన్నాడు సేల్స్‌మన్. మా ఆవిడ ఆ పెళ్ళి ముక్క పట్టుకుని నెల్లాళ్ళు నవ్వింది. నవ్వదూ మరి! పెళ్ళిచూపుల్లో తననైనా ఇంత చూడలేదట.

చివరికి అన్నిట్లోకీ చవకది మా గోడకెక్కింది. అమ్మ ఎదురుగా కూచుని "అబ్బో, సినిమా హాలే" అంది. హమ్మయ్య, గెలిచాననుకున్నాను.

పిల్లలు స్కూలుకీ మేము ఆఫీసులకీ పోయాక, కేబుల్ భయ్యా దయవల్ల వచ్చే ఒక తెలుగు భక్తి చానల్ పెట్టుకునేది అమ్మ. పొద్దస్తమానం తెర మీద వెంకటేశ్వరస్వామి ఫోటో ఒక్కటే, కదలదు మెదలదు. వెనకాల ఒక పెద్దాయన పురాణం చెబుతూంటాడు. అన్ని షాపులు తిరిగినా నాకెవడూ చెప్పనిది ఏమిటంటే, ప్లాస్మా తెర మీద ఒకే బొమ్మ రోజుల తరబడి నిలబడితే అక్కడే అచ్చు పడిపోతుంది.

క్రికెట్ పెడితే పిచ్ మధ్యలో నామాలు. వార్తలు పెడితే మంత్రిగారి నెత్తిన కిరీటం. "దాదీ, యే క్యా కర్ దియా!" అని నానమ్మ మీద పిల్లల గోల. ఇక రోజూ టీవీకే అగరొత్తులు వెలిగించండి అంది మా ఆవిడ. మెకానిక్ వచ్చి చూసి, ఖాళీ తెల్ల తెర పెట్టి వదిలేస్తే మెల్లగా పోతుంది, మళ్ళీ ఆ చానల్ జోలికి మాత్రం పోవద్దు అన్నాడు.

అమ్మకి హిందీ రాదు కనక ఆ మాట నేనే చెప్పాల్సొచ్చింది. దేవుణ్ణి చెరిపేస్తున్నానని బాధపడుతుందేమోనని భయం. "స్వామికి అపచారమేం కాదులే అమ్మా, పూజ అలమరలో ఎలాగూ ఉన్నాడుగా" అన్నాను.

"దేవుడి కోసం ఎవరు పెట్టార్రా?" అంది. "నేను కళ్ళు మూసుకునే వినేదాన్ని. రోజంతా ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేది ఆ పురాణం ఆయనొక్కడే. సాయంత్రం మీరొస్తారు. మీ ఇద్దరూ ఆఫీసు గొడవలు ఇంగ్లీషులో, పిల్లలేమో హిందీలో."

"చెల్లి దగ్గర మాత్రం ఏముందమ్మా? దాని టీవీ మన పాతదానికంటే చిన్నది" అన్నాను.

"చిన్నదేరా. అసలది పెట్టే తీరికే ఉండదు మాకు" అంది అమ్మ. "కబుర్లతోనే పొద్దుపోతుంది."