నడుమ మోరీ

నా చిన్నప్పుడు మా నాయిన వేలు పట్టుకొని బయటికి పోతే సూర్యాపేట బజారంతా నాకే సలాం కొడుతుందనుకునేదాన్ని. నాకెవరు కొడతారు, అవన్నీ ఆయన గిర్దావర్ నౌకరీకి పడ్డ సలాములు. తాలూకా కచేరీ తరఫున ఇంటింటికీ పోయి విచారణ చేయడం ఆయన పని. సర్కారు సాయం ఎవరికి అందాలో, ఎవరికి అక్కర్లేదో ఆయన రాసినదాన్నిబట్టే తేలేది. బడి లేని రోజు నేనూ వెంటపడేదాన్ని. పోయిన ఇంట్లో బెల్లంముక్కో పుట్నాలో చేతిలో పెట్టేవాళ్లు. అబద్ధమెందుకు, నా ఆశంతా వాటిమీదే.

ఒకనాడు ఒక లారీ డ్రైవర్ ఇంటికి పోయాం. ఆయన మిర్యాలగూడ బియ్యం మిల్లుల లారీ నడిపేవాడు, ఇంట్లో కంటే రోడ్లమీదే ఎక్కువ ఉండేవాడు. వాళ్లు హబ్షీలు. వాళ్ల తాతముత్తాతలను ఎప్పుడో ఆఫ్రికా నుంచి తెచ్చి నిజాం ఫౌజులో పెట్టుకున్నారట. ఆ ఫౌజు పోయాక బతుకుదెరువు కోసం తలో దిక్కుకు చెదిరిపోయారు. వాళ్ల పిల్ల మాత్రం మా సూర్యాపేట దవాఖానలోనే పుట్టింది, నా ఈడుదే. అప్పుడే అయిదో తరగతి పూర్తిచేసింది. మిర్యాలగూడలో ఆడపిల్లల సర్కారు హాస్టల్‌లో సీటు దొరికితే పైచదువు, దొరక్కపోతే కోదాడలో ఎవరింట్లోనో అంట్లు తోమే పని. ఆ పని మాట్లాడి పెట్టేశారు కూడా.

చిక్కేమిటంటే, ఆ హాస్టల్ వెనుకబడిన కులాల పిల్లలది, వీళ్లేమో ఆ కులాల లెక్కలో లేరు. అట్లాంటివాళ్లకూ ఒకటి రెండు సీట్లు ఇవ్వొచ్చని సర్కారు చిన్న సందు వదిలింది. కానీ బీదరికం ఒక్కటే చాలదు, లోకం వాళ్లను తక్కువగా చూస్తున్నదని విచారణలో తేలాలి. మా నాయిన చెడ్డవాడు కాదు, లంచం ముట్టినవాడు అసలే కాదు. అయినా ఆయనకు అది నమ్మబుద్ధి కాలేదు.

"బీదోళ్లని రాస్తనమ్మా, కండ్ల ముందరనే కనబడుతున్నది. కాని మిమ్ముల తక్కువ చేసిందెవరు? మూడేండ్ల సంది ఈ గల్లీల తిరుగుతున్న, ఒక్కరు ఒక్క మాట అనంగ నేను ఇనలే" అన్నాడు.

ఆ పిల్ల తల్లి నవ్వింది. "మీరు పక్కన ఉంటే ఎవలంటరు సాబ్?" అని ఊరుకోలేదు. "జర చాయ్ తాగి పోర్రి. చాపత్త అయిపోయింది. మీ బిడ్డను మా బిడ్డతోని దుకాణం దాక పంపుర్రి" అంది. నాయిన ఇప్పుడే తాగొచ్చినమన్నాడు, వద్దన్నాడు, చివరికి సరేనన్నాడు. ఆ పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నేనూ గట్టిగానే పట్టుకున్నాను. ఇద్దరం ఊపుకుంటూ గల్లీలోకి దిగాం.

నాలుగడుగులు వేశామో లేదో సైకిల్ టైరు దొర్లించుకుంటూ పిల్లలు వెంటబడ్డారు. "బొగ్గు వచ్చె, బొగ్గు వచ్చె" అని పాట. ఒకడు వెనక నుంచి దాని ఉంగరాల జుట్టు పట్టి గుంజి, స్ప్రింగు లెక్క ఉందని అరిచాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కనపెట్టి మరీ పగలబడి నవ్వారు. ఆ పిల్ల తిరిగి చూడలేదు, ఏడవలేదు, నాకు మాత్రం చెమటలు పట్టాయి. అది నా చెయ్యి వదల్లేదు.

దుకాణంలో సేటు చాపత్త పొట్లం నా చేతికిచ్చాడు. మిగిలిన చిల్లర దాని చేతిలో పెట్టకుండా బల్లమీదికి విసిరాడు. నన్ను పోల్చుకొని, "గిర్దావర్ సారు బిడ్డవు గాదె? దీనితోని తిరుగుతున్నవేంది? మీ నాయినకు ఎరికేనా?" అన్నాడు. మా నాయినే పంపాడని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. పైగా ఏం చేశానో తెలుసా? ఉప్పురాయంత పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను, చెయ్యి ఖాళీ లేనట్టు! ఆ పిల్లకు అర్థమైంది. చిల్లర ఏరుకొని, గల్లీ నడుమ మురికినీళ్లు పారే మోరీ దాటి అవతలి అంచుకు పోయింది. నేను ఇవతలి అంచున, ముందు ముందు.

ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆ తల్లి మా నాయినను గడప బయటికి పిలుచుకొచ్చి నిలబెట్టింది. మేము వచ్చే తీరు ఇద్దరూ చూస్తున్నారు.

"పోయేటప్పుడు చెయ్యి చెయ్యి పట్టుకొని పోయిండ్రు సాబ్. గిప్పుడు సూడుర్రి, నడుమ మోరీ వచ్చింది" అంది ఆమె. అంతలోనే నా తలమీద చెయ్యి వేసి, "బిడ్డను ఏమనకుర్రి. పిల్ల మంచిదే, మా గల్లీయే గిట్లుంటది" అంది.

ఆమె నన్ను తిట్టినా బాగుండేది. మంచిదాన్నని అనేసరికి తల కొట్టేసినట్టయింది. నాయిన నావైపు చూడలేదు. ఆ గల్లీని మాత్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తర్వాత గడప మీదే కూలబడి, "చాయ్ పెట్టమ్మా, తాగే పోత" అన్నాడు. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. నేను మోసుకొచ్చిన చాపత్తే, గ్లాసు అట్లే గడప మీద పెట్టేశాను. ఆ పిల్ల తలుపు వెనకే నిలబడింది, మేం పోయేదాకా బయటికి రాలేదు.

దారిలో నాయిన నన్ను ఒక్క దెబ్బ వేయలేదు. "మూడేండ్లు తిరిగిన బిడ్డా, నాకు కనబడలే" అన్నాడంతే. ఎప్పుడూ నాకు వేలందించి నడిచే మనిషి ఆ రోజు చేతులు వెనక్కి కట్టుకొని నడిచాడు. నన్ను చూసి సిగ్గుపడుతున్నాడో, తనను చూసుకొని సిగ్గుపడుతున్నాడో అడిగే ధైర్యం నాకు లేదు.

ఆయన రాశాడు. ఆ పిల్లకు సీటు వచ్చింది. పెట్టె పట్టుకొని మిర్యాలగూడ బస్సెక్కే రోజున పోయి కలుద్దామని బస్టాండు దాకా పోయాను. దూరం నుంచి చూసి, ముఖం చెల్లక తిరిగొచ్చాను. అందరూ మా నాయిన న్యాయం చేశాడన్నారు. ఆ న్యాయానికి సాక్ష్యం నా పిరికితనమేనని నాకు, మా నాయినకు, ఆ తల్లికి, ఆ పిల్లకు తెలుసు.

ఇప్పుడు వాళ్లను కూడా సర్కారు వెనుకబడిన తరగతుల్లో చేర్చింది. మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఏదో చదివి వినిపించింది. ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ల సంతతికి అన్నీ సమానంగా అందాలని దేశదేశాల సర్కార్లు పథకాలు పెడుతున్నాయట. పేపరు చదువుకుంటున్న మా మరిది తలెత్తి, "ఎప్పుడో తాతల కాలంల ఏందో అయితే, ఇప్పుడు వీళ్లకెందుకు వదినా?" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. తాతల కాలమట! నేనింకా బతికే ఉన్నాను కదా?

వాదించడం నాకు రాదు. "వాళ్ల పిల్ల చెయ్యి పట్టుకొని బజారుకు పోయి చాపత్త పట్టుకరా పో. వచ్చేటప్పుడు ఆ చెయ్యి నీ చేతిలనే ఉందా సూసుకో" అన్నాను. మరిది నవ్వి, "నువ్వైతే వదలకపోతుండె గదా వదినా" అన్నాడు.

ఇన్నేళ్ల తర్వాత కూడా నేను ముందున్న చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాను, చెయ్యి ఖాళీ లేనట్టు.