క్లాసు పాడవుతుందని

నిరుడు నాచారంలో మా ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మడం మొదలుపెట్టాక, చిన్న వ్యాపారుల కోసం ఒక విదేశీ సంస్థ నడిపే ఆన్‌లైన్ శిక్షణలో చేరాను.

ఒక మధ్యాహ్నం తలుపేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని క్లాసు వింటున్నాను. నా పచ్చళ్ల గురించి చెప్పమని మేడమ్ అడిగితే ఉత్సాహంగా మాట్లాడాను. అందరూ మెచ్చుకున్నారు. సంబరంగా బయటికొచ్చి చూస్తే, మా అత్తమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి, లేవలేక గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"నన్నెందుకు పిల్వలే అత్తమ్మా?" అని ఏడ్చాను.

"ఒకసారి పిల్సిన బిడ్డా. నువ్వు మేడమ్‌తోని మంచిగ మాట్లాడుతున్నవ్. క్లాసు పాడైతదని ఊకున్న," అంది.

ఉప్పల్‌లో దవాఖానాకు తీసుకెళ్తే తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది. నా శిక్షణ కూడా పూర్తయింది. సర్టిఫికెట్ గోడకు తగిలించమని ఆమె రోజూ అడుగుతుంది. నాకే చేతులు రావడం లేదు.